నొక్కేసిన పెళ్లిళ్లు

పట్టణంలో పెళ్లయినవాళ్లు ఎవరూ లేరని వివాహ నమోదు కార్యాలయం సోమవారం ఉదయం అధికారికంగా ప్రకటించింది. ప్రకటనను గుమ్మం పక్కనున్న నోటీసు బోర్డుకు అంటించి, జనం చదువుకోవడానికి వీలుగా బోర్డు మీద దుమ్ము కూడా తుడిచారు. ఇది తాత్కాలికమైన ఏర్పాటు మాత్రమేననీ, ప్రజలు ఆందోళన చెందకుండా ఎవరి ఇళ్లలో వాళ్లు యథాప్రకారం ఉండవచ్చుననీ, అయితే ఉన్నంత మాత్రాన దాన్ని కాపురంగా పరిగణించడం కుదరదనీ అందులో స్పష్టంగా రాసి ఉంది.

ప్రజలు ఈ వార్తను నిబ్బరంగా స్వీకరించారు. ఆ సాయంత్రం మంగలి షాపుల్లో మామూలు కంటే రద్దీ ఎక్కువగా కనిపించింది. చాలా ఇళ్లలో భార్యాభర్తలు ఒకరితో ఒకరు హఠాత్తుగా మర్యాదగా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. పరాయివాళ్లతో మాట్లాడేటప్పుడు మనందరికీ సహజంగా వచ్చే మర్యాదే అది. ఒకింట్లో ఆయన కాస్త మంచినీళ్లు ఇప్పిస్తారా అని అడిగితే, ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుందని ఇరుగుపొరుగువాళ్లు చెప్పుకున్నారు.

ఇంతకీ జరిగిందేమిటంటే, కార్యాలయానికి కొత్త ప్రోగ్రాం వచ్చింది. పాత ప్రోగ్రాం పని బాగానే చేసేది. కానీ బాగా పని చేసేదాన్ని ఎంతకాలమని భరిస్తారు? దానికి ఘనంగా వీడ్కోలు సభ జరిపారు. రిజిస్ట్రారు గారు ముప్పావుగంట ప్రసంగించి, ఈ ప్రోగ్రాం తనకు తోబుట్టువు లాంటిదన్నారు. ఆ తోబుట్టువును ఆయన ఒక్కసారి కూడా తాకి ఎరగరు. సభ ముగిశాక పాత కంప్యూటర్‌ను సామాన్ల గదిలోకి మార్చి, దాని మీద మంచినీళ్ల క్యాను పెట్టారు. ఎత్తు సరిగ్గా సరిపోయింది.

పాత ప్రోగ్రాం పోతూపోతూ తన దగ్గరున్న పెళ్లిళ్లన్నింటినీ ఫైళ్లలో వదిలి వెళ్లింది. కొత్త ప్రోగ్రాం ఆ ఫైళ్లను తెరిచి చూసింది. లోపల చుక్కలు, గీతలు, ప్రశ్నార్థకాలు, ఏ భాషకూ చెందని అక్షరాలు కనిపించాయి. కాసేపు తిరిగి తిరిగి, వివాహాలు సున్నా అని చూపించింది. కొత్త ప్రోగ్రాంలో లేనిది లేనట్టేనని పైనుంచి ఉత్తర్వు ఉంది. రిజిస్ట్రారు గారు ఉత్తర్వులను గౌరవించే మనిషి. ఆయన సొంత పెళ్లి కూడా ఆ సున్నాలోనే ఉన్నా, ఆ త్యాగం గురించి ఆయన ఎక్కడా గొప్పలు చెప్పుకోలేదు. ఇంట్లో అసలే చెప్పుకోలేదు.

నీళ్ల క్యాను కిందికి దించి పాత ప్రోగ్రాంనే అడిగితే సరిపోతుంది కదా అని మీబోటి తెలివైనవాళ్లకు తోచవచ్చు. ఆ ఆఫీసు పెద్దగుమాస్తాకూ తోచింది. పదవీ విరమణ చేసినవారి చేత కార్యాలయం పని చేయించడం నేరమని రిజిస్ట్రారు గారు నిబంధన తీసి చూపించారు. పోనీ కాగితాలున్నాయా అంటే, పాత ప్రోగ్రాం వచ్చిన రోజుల్లో వాటికీ ఇలాగే వీడ్కోలు సభ జరిగింది. ఇళ్లలో జనం దాచుకున్న పత్రాల మీద కొత్త ప్రోగ్రాం ముద్ర లేదు కాబట్టి అవి చెల్లవు. ఇలా అన్ని దారులూ చక్కగా మూసుకున్నాక, ఏదో ఒకటి చేయాలని అందరూ ఏకగ్రీవంగా అభిప్రాయపడ్డారు.

ఈ గొడవలో నిజంగా కాలుకాలిన పిల్లిలా తిరిగినవాడు పెద్దగుమాస్తా ఒక్కడే. ఆయన భార్య టీచరు. పెళ్లయిన కొత్తలో ఆమెకు ఉద్యోగం రైలు మారి, బస్సెక్కి, మళ్లీ నడిచి వెళ్లాల్సిన ఊళ్లో వచ్చింది. రెండు మూడేళ్లలో బదిలీ అవుతుందిలే అనుకున్నారు. అలా అనుకుంటూనే ఇద్దరికీ చత్వారం వచ్చింది. సెలవు రోజుల్లో ఆమె ఇక్కడికి వచ్చేది, లేదంటే ఆయన అక్కడికి వెళ్లేవాడు. ఇల్లంతా సర్దుకుని, ఇక నాలుగు మాటలు చెప్పుకుందామనుకునేసరికి తిరుగు ప్రయాణానికి సంచి సర్దుకోవాల్సి వచ్చేది. ఆయన వంటింట్లో రెండు కంచాలుండేవి. ఒకటి అరిగిపోయింది, రెండోది కొత్తగానే ఉండిపోయింది. ఆ కొత్త కంచం చూసినప్పుడల్లా ఆయనకు దిగులేసేది.

ఇన్నాళ్లకు టీచర్ల బదిలీల శాఖ మనసు కరిగి, భార్యాభర్తలను ఒకేచోట చేర్చే అవకాశం ఇచ్చింది. ఈ నెలాఖరులోగా వివాహ పత్రం సమర్పించినవాళ్లకే ఆ భాగ్యం. సమర్పించనివాళ్లను ఒంటరివాళ్లుగా భావించి, ఒంటరివాళ్లు ఎక్కడైనా ఉండగలరు కాబట్టి, ఇంకా దూరం పంపుతారు. రోజూ ఎంతోమందికి ముద్ర గుద్ది పత్రాలిచ్చిన మనిషికి తన పత్రం మాత్రం అందకుండా పోయింది.

అందులో ఇంకో విశేషముంది. పాత ప్రోగ్రాంలోని మొట్టమొదటి రికార్డు ఆయనదే. ప్రారంభోత్సవం రోజున మొదటి పెళ్లి ఎవరిది ఎక్కించాలన్న ప్రశ్న వస్తే, కొత్తగా పెళ్లయినవాడు దగ్గర్లో ఆయనే దొరికాడు. పేర్లు, చిరునామా నింపాక వివాహానికి కారణం అన్న గడి వచ్చింది. అది ఎందుకు పెట్టారో ఎవరికీ తెలియదు గానీ, నింపకపోతే ప్రోగ్రాం ముందుకు కదిలేది కాదు. అప్పటి అధికారి గడియారం చూసుకుంటూ త్వరగా కానిమ్మన్నాడు. కుర్రతనం కదా, పెద్దగుమాస్తా ఉన్నదున్నట్టు రాసేశాడు. బస్టాపులో వాన పడుతుంటే ఇచ్చిన గొడుగు ఆమె తిరిగి ఇవ్వలేదు అని. రేపు ఇచ్చేస్తానని ఆ అమ్మాయి తీసుకెళ్లింది. మర్నాడు అడిగితే ఇంట్లో మరచిపోయానంది. ఆ పై మర్నాడూ మరచిపోయింది. అలా అడగడానికి వెళ్లీ వెళ్లీ, చివరికి గొడుగు సంగతి ఎత్తడం మానేసి పెళ్లి సంగతి ఎత్తాడు.

పాత ఫైళ్లను చదివిపెట్టడానికి ఒక ఇంజనీరును తీసుకున్నారు. ఆమెను ఆఫీసంతా కంప్యూటరమ్మాయి అని పిలిచేది. పనిమంతురాలే, కాకపోతే బయట కంపెనీల్లో పనిచేసి వచ్చినందువల్ల ఆఫీసు భాష పట్టుబడలేదు. ప్రోగ్రాం, ఫైలు లాంటి నలిగిన మాటలు తప్ప నివేదికల్లో పరాయి భాష మాట ఒక్కటి కూడా ఉండకూడదని అక్కడ నియమం. కంప్రెస్ చేయడం అన్న మాటకు మన మాట ఏమిటా అని ఆ అమ్మాయి బుర్ర గోక్కుని, ఒత్తడం, అదమడం, కుదించడం అన్నీ తూచి, చివరికి అందరికీ అర్థమయ్యే మాట ఎంచుకుంది. నివేదిక ఇలా ఉంది:

"పాత ప్రోగ్రాం భర్తల పేర్లను, చిరునామాలను, కారణాలను నొక్కేసి దాచింది. మొదటి రికార్డును మాత్రం వదిలిపెట్టి మిగిలినవన్నీ నొక్కేసింది. భార్యల పేర్లు వేరే ఫైలులో ఉన్నందున వాటి జోలికి పోలేదు. ఇంత సమర్థంగా నొక్కేసిన ప్రోగ్రాంను నేను ఇంతవరకు చూడలేదు."

రిజిస్ట్రారు గారు నివేదిక చదివి కళ్లజోడు తీసేశారు. తలుపు దగ్గరగా వేయమని పెద్దగుమాస్తాకు సైగ చేశారు.

"ఎప్పటినుంచి నొక్కేస్తోందమ్మా?"

"మొదటి రోజు నుంచీ సార్."

"ఎవరికీ తెలియకుండానా?"

"తెలియకపోవడమేముంది సార్. అన్ని ప్రోగ్రాములూ నొక్కేస్తాయి. చోటు మిగులుతుంది కదా."

రిజిస్ట్రారు గారు నివేదికను బల్ల మీద బోర్లించి పెట్టారు. కార్యాలయంలో ఎవరైనా ఏదైనా నొక్కేస్తే అది పైకి తెలియకుండా చూసుకోవడమనే సంప్రదాయం ఒకటి ఉండగా, దాన్ని ఇలా రాతపూర్వకంగా, అందులోనూ మెచ్చుకుంటూ రాసినవాళ్లను ఆయన సర్వీసులో చూడలేదు. రాసింది చేతికొచ్చాక పైకి పంపకపోతే ఆయనకూ వాటా ఉందనుకుంటారు. వెంటనే పంపేశారు. అంతే వేగంగా పైనుంచి విచారణాధికారి దిగారు.

విచారణాధికారి గారు నిజాయితీపరులు. ఎవరినీ వదలరని పేరు. వచ్చిన రోజే పాత ప్రోగ్రాం మీద అభియోగపత్రం తయారుచేసి, సామాన్ల గదిలోకి స్వయంగా వెళ్లి, నీళ్ల క్యాను పక్కకు జరిపించి, కంప్యూటర్ తెర మీద అంటించారు. గడువులోగా సంజాయిషీ రాలేదు. మౌనంగా ఉన్నందున నేరం ఒప్పుకున్నట్టేనని నమోదు చేశారు. పాత ప్రోగ్రాంను ఒక్కసారి తెరిస్తే అన్నీ బయటపడతాయని పెద్దగుమాస్తా మళ్లీ మనవి చేసుకున్నాడు. నిందితుడి చేతికి సాక్ష్యాలు అప్పగించమంటావా అని ఆయన కళ్లెర్రజేశారు.

ఆ మధ్యాహ్నం కంప్యూటరమ్మాయి టీ తాగుతూ పెద్దగుమాస్తాకు అసలు సంగతి విడమరచి చెప్పింది. ఒకే మాట మళ్లీ మళ్లీ వస్తే ప్రోగ్రాం ప్రతిసారీ రాయదట. మొదటిసారి పూర్తిగా రాసి, తరవాత అదే మాట వచ్చినచోట వెనక్కి వెళ్లి ఫలానా దగ్గర చూసుకో అని గుర్తు పెడుతుందట. ఆ గుర్తులు ఒక్కోటీ ఎక్కడికి చూపిస్తున్నాయో పట్టుకుని వరసగా విప్పుకుంటూ పోతే అంతా వచ్చేస్తుందట. ఎవరూ దేన్నీ తినలేదని కూడా చెప్పింది. పెద్దగుమాస్తాకు ఇట్టే అర్థమైంది. ఆయన సర్వీసంతా పై విధంగానే అని రాస్తూ గడిచింది మరి. ఇదే ముక్క విచారణాధికారికి చెప్పమని ఆమెను పంపాడు. ఆయన అంతా విని, సరే, మొదటిసారి రాసింది ఒక్కటేనన్నమాట, మరి మిగిలినదంతా ఎవరికి ముట్టింది అని అడిగారు. ఆమె తిరిగి వచ్చి మిగిలిన టీ తాగేసింది.

ఇలా లాభం లేదని రిజిస్ట్రారు గారు పనిని అనుభవజ్ఞులకు అప్పగించదలచి పోటీ ప్రకటన ఇచ్చారు. పోటీలో పాల్గొన్నవారిలో ఉత్తములుగా ఆయన తోడల్లుడు ఎంపికయ్యారు. పాల్గొన్నదీ ఆయనొక్కరే. తోడల్లుడు గారికి సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టుంది. ఆయన ఫైలును తెరిచి, మొదటి రికార్డు శుభ్రంగా చదవడానికి వస్తోందనీ, తరవాతివన్నీ వెనక్కి చూడమని చెప్పే గుర్తులనీ గ్రహించారు. ఇంతవరకు గ్రహించినవారిని తప్పుపట్టలేం. ఏ గుర్తు ఎంత వెనక్కి చూడమంటోందో లెక్కేయడం చాదస్తమనిపించి, అన్ని గుర్తుల స్థానంలోనూ మొదటి రికార్డునే నింపేశారు. పని ఒక్కపూటలో అయిపోయింది. కార్యాలయం ఆయనను అభినందిస్తూ తీర్మానం చేసింది.

పట్టణానికి పెళ్లిళ్లు తిరిగి వచ్చాయి. భార్యల పేర్లన్నీ ఎవరివి వాళ్లకు సరిగ్గానే ఉన్నాయి. భర్త పేరు మాత్రం అందరికీ పెద్దగుమాస్తాదే.

ఇంత పెద్ద విజయంలో ఇంత చిన్న లోపం సహజమేనని రిజిస్ట్రారు గారు పత్రికలవారితో అన్నారు. కొత్త ప్రోగ్రాంలో ఉన్నది ఉన్నట్టేనని ఉత్తర్వు ఉంది కాబట్టి దాన్ని కాదనడానికి వీల్లేదు. పెద్దగుమాస్తాకు ఆ రోజే మెమో అందింది. కార్యాలయానికి తెలియజేయకుండా ఇన్ని వివాహాలు చేసుకున్నందుకు సంజాయిషీ చెప్పమన్నారు. మెమో టైపు చేసిన ఆవిడ దాన్ని ఆయనకు అందిస్తూ, రికార్డు ప్రకారం తానూ ఆయన భార్యనేనని గుర్తుచేసి, ఇంటికి వెళ్లేటప్పుడు తన కరెంటు బిల్లు కట్టేసి వెళ్లమంది.

మర్నాటి నుంచి ఆయన కిటికీ ముందు ఆడవాళ్లు వరస కట్టారు. ఒకావిడ పిల్లవాడి బడి దరఖాస్తులో తండ్రి సంతకం చేయించుకుంది. ఇంకొకావిడ వంటింట్లో కుళాయి కారుతోందని, చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుడుతోందని కడిగిపారేసింది. ఆయన వంచిన తల ఎత్తలేదు. అడిగినవాటికల్లా అలాగేనమ్మా, చూస్తానమ్మా అన్నాడు. ఈయన మా ఆయన కంటే నయం, కనీసం వింటున్నాడు అని వరసలో ఎవరో అన్నారు. సాయంత్రం పట్టణంలోని మగవాళ్లు కొందరు వచ్చి ఆయన చేతులు పట్టుకుని ఊపి వెళ్లిపోయారు. అందులో ఇద్దరు తమ ఇంటి తాళంచెవులు కూడా ఇవ్వబోయారు.

ఆ వారం భార్య దగ్గర్నుంచి ఫోనొచ్చింది.

"ఏవండీ, మీకు పెళ్లిళ్లయ్యాయట."

"నాకేం తెలీదే. అప్పుడు నేను ఆఫీసులోనే ఉన్నాను."

"అందరికీ కలిపి ఒక్క జీతమేనా?"

ఆయన నవ్వబోయి నవ్వలేకపోయాడు. అవతల ఆమె కూడా నవ్వు ఆపేసింది. బదిలీల శాఖకు వెళ్లి వచ్చానని చెప్పింది. భర్త ఆ పట్టణంలోనే ఉన్నాడన్న మాట నిజమేనని వాళ్లు ఒప్పుకున్నారట. అయితే అదే భర్త దగ్గరికి బదిలీ కోరుతూ బయట ఊళ్లలో పనిచేస్తున్న టీచరమ్మలంతా దరఖాస్తు పెట్టారట. అందరినీ ఒకేసారి పంపలేం కాబట్టి భార్యల సీనియారిటీ జాబితా తయారవుతోందట. నెలాఖరుకి అది తేలదు.

"తేలకపోతే నన్ను కొండల్లోకి పంపేస్తారు. ఈ వయసులో నావల్ల కాదండీ. మీరేం చేస్తారో నాకు తెలీదు" అంది. ఆ గొంతులో ఆయన అంతకుముందెప్పుడూ వినని అలసట ఉంది. ఫోను పెట్టేశాక ఆయన చాలాసేపు వంటింట్లో నిలబడ్డాడు. ఊరందరికీ మొగుడైన మనిషికి అన్నం పెట్టే దిక్కు లేదని అనుకున్నాడు. తన మీద తనకే జాలేసింది, ఆ తరవాత కోపమొచ్చింది.

కోపం మనిషికి మేలే చేస్తుంది. మర్నాడు పొద్దున్నే ఆయన కంప్యూటరమ్మాయి బల్ల దగ్గరికి వెళ్లి, ఇంకెన్నాళ్లమ్మా అని అడిగాడు. ఫైలు విప్పడం పోయిన వారమే అయిపోయిందని ఆమె తాపీగా చెప్పింది. ఏ గుర్తు ఎంత వెనక్కి చూడమంటోందో లెక్కేసి, ఎవరి భర్తను వాళ్లకు చేర్చిందట. మరి ఇంకేం అంటే, ఫైలును విప్పాను అని నివేదిక రాస్తే, విప్పడానికి ఎవరు అనుమతించారని అడిగి వెనక్కి పంపారట. తెరిచాను అని రాస్తే, సాక్ష్యాన్ని ఎందుకు తెరిచావన్నారట. పెద్దగుమాస్తా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఇన్నేళ్ల సర్వీసు ఆ క్షణంలో అక్కరకొచ్చింది.

"అలా కాదమ్మా. నొక్కేసినదంతా కక్కించాను అని రాయి."

ఆమె అలాగే రాసింది. విచారణాధికారి గారు ఆ వాక్యం చదివి లేచి నిలబడ్డారు. ఆమెకు కరచాలనం చేశారు. తన సర్వీసులో ఎంతోమంది నొక్కేయడం చూశాననీ, కొద్దోగొప్పో కక్కించాననీ, కానీ నొక్కేసింది నొక్కేసినట్టు, చివరి అక్షరం దాకా కక్కించిన కేసు ఇదేననీ, రాబోయే తరాల విచారణాధికారులకు ఇది పాఠం కావాలనీ ఉద్యోగులందరినీ పిలిచి ప్రసంగించారు. ప్రసంగం మధ్యలోనే సంతకం పెట్టేశారు. పక్కనే కూర్చున్న తోడల్లుడు గారు కూడా చప్పట్లు కొట్టారు.

ఎవరి భర్తలు వాళ్లకు తిరిగి వచ్చారు. పట్టణంలో దీని మీద మిశ్రమ స్పందన కనిపించింది. కుళాయి కారే ఆవిడ అయితే ఇంకో వారం ఆగి ఉంటే బాగుండేదంది.

అంతా సర్దుకుందనుకున్న సమయంలో విచారణాధికారి గారి చూపు చివరి గడి మీద పడింది. మొదటి రికార్డులో వివాహానికి కారణం: బస్టాపులో వాన పడుతుంటే ఇచ్చిన గొడుగు ఆమె తిరిగి ఇవ్వలేదు. రెండో రికార్డులోనూ అదే. మూడోదానిలోనూ అదే. పేజీలు తిప్పుకుంటూ పోయారు. ఒక పాత జడ్జి గారి పెళ్లికీ, పక్కవీధి దర్జీ పెళ్లికీ, చివరికి రిజిస్ట్రారు గారి పెళ్లికీ కూడా గొడుగే కారణం. ఇంకా పూర్తిగా కక్కలేదని ఆయన కంప్యూటరమ్మాయి మీద కేకలేశారు.

ఇంక లోపల ఏమీ లేదు సార్, ప్రోగ్రాం దాచిందంతా వచ్చేసింది, జనం రాసిందే ఇంత అని ఆ అమ్మాయి చెప్పింది.

అది నిజమేనని పెద్దగుమాస్తాకు తెలుసు. ఏళ్ల తరబడి ఆ కిటికీ ముందు కూర్చున్నవాడు ఆయనే. కొత్త జంటలే కాదు, అంతకుముందు పెళ్లయినవాళ్లూ అక్కడికే వచ్చి తమ పెళ్లి ఎక్కించుకునేవాళ్లు. కారణం గడి దగ్గరికొచ్చేసరికి ప్రతి జంటా కలం ఆపి, ముందువాళ్లేం రాశారండీ అని అడిగేది. ఆయన చూపించేవాడు. వాళ్లు అదే రాసేవాళ్లు. మొదట్లో అది నా సొంత గొడుగండీ, మీ సంగతి మీరు రాసుకోండి అని చెప్పి చూశాడు. ఎందుకొచ్చిన తంటా, అందరూ రాసిందే రాద్దాం, రేపు ఏదైనా మాటొస్తే అందరితోపాటే మనమూ అనేవాళ్లు. ఎప్పుడో ఒకసారి ఒక కుర్రాడు వేరే ఏదో రాయబోతే, వాళ్ల మామయ్య చేయి పట్టుకుని ఆపాడు.

విచారణాధికారి గారు తీర్పు చెప్పారు. ఊళ్లో వాళ్లంతా ఒకే కారణంతో పెళ్లి చేసుకోవడం అసంభవం. ఇందులో ఒకటే అసలు, మిగిలినవి నకళ్లు. అసలుదారు ఎవరో వస్తువు సహా హాజరై ఋజువు చేసుకోవాలి. లేని పక్షంలో అన్నిటినీ నకళ్లుగా భావించి, మొదటి రికార్డుతో సహా రద్దు చేస్తారు. గడువు శుక్రవారం. బదిలీల శాఖ తలుపులు మూసేది కూడా ఆ సాయంత్రమే.

శుక్రవారం ఉదయం భార్య రైలు దిగి నేరుగా ఆఫీసుకొచ్చింది. వరండాలో ఆమెను చూడగానే ఆయనకు గుండె కుదుటపడింది. ఆమె చేతిలో నల్ల గొడుగుంది. ఒక కమ్మీ వంగింది, పిడికి దారం చుట్టి ఉంది.

"ఇంకా ఉందా అది?" అన్నాడు.

"ఎక్కడికి పోతుంది. మీదేగా."

విచారణ గది కిక్కిరిసింది. రిజిస్ట్రారు గారు, తోడల్లుడు గారు, కంప్యూటరమ్మాయి, ఎవరి భర్తలతో వాళ్లు వచ్చిన ఆడవాళ్లు, అందరూ ఉన్నారు. విచారణాధికారి గారు గొడుగు విప్పి, గుడ్డ పరీక్షించి, కమ్మీలు లెక్కపెట్టి, గది మధ్యలో దాని కింద నిలబడి ప్రసంగించారు. ఈ గొడుగు సమాజానికి నీడనిచ్చిందని అన్నారు. ఒక పౌరుడి ఆస్తి ఇంతకాలం మరొకరి ఆధీనంలో ఉండిపోవడం వ్యవస్థకు సిగ్గుచేటనీ, దీన్ని తక్షణం స్వాధీనం చేసుకుని అసలు యజమానికి అప్పగించి కేసు మూసేస్తున్నాననీ ప్రకటించారు. పెద్దగుమాస్తా అప్రయత్నంగా చేయి చాచాడు. ఆమె ఆ చేతిని పక్కకు నెట్టింది.

"మీరు అప్పగిస్తే నేను తిరిగి ఇచ్చినట్టవుతుందండీ. తిరిగి ఇవ్వలేదు అని కదా కాగితంలో రాసింది. ఇచ్చేస్తే ఆ కాగితం అబద్ధమైపోతుంది. అప్పుడు ఈయన నాకేమవుతారు?"

విచారణాధికారి గారు గొడుగు కిందే నిలబడి ఆలోచించారు. మనిషి చెప్పే మాటలు ఆయనకు అంతగా ఎక్కవు. కాగితానికి అబద్ధమాడే గతి పట్టడం మాత్రం ఆయన సహించలేరు. గొడుగు జాగ్రత్తగా ముడిచి ఆమె చేతికిచ్చి, ఉత్తర్వు తానే రాశారు: గొడుగు ఇంతవరకు తిరిగి ఇవ్వబడలేదు. కావున వివాహము కొనసాగుచున్నది.

ముద్ర తడి ఆరకముందే ఆ కాగితం బదిలీల శాఖకు చేరింది. సోమవారానికల్లా ఆమె పట్టణంలోని బడిలో చేరిపోయింది. ఆ రాత్రి కొత్త కంచంలో ఆమె అన్నం తింటుంటే పెద్దగుమాస్తా తన కంచంలో చేయి పెట్టడం మరచిపోయి చూస్తూ కూర్చున్నాడు. ఏమిటలా చూస్తున్నారు, ముందు తినండి అని కసురుకుందామె. ఆయనకు ఆ కసురు ఎంతో హాయిగా అనిపించింది.

మర్నాడు ఆఫీసుకు వెళ్లేసరికి గేటు దగ్గర్నుంచి వీధి మలుపు దాకా, తమది నకలు కాదని ఋజువు చేసుకోవడానికి జనం బారులు తీరి ఉన్నారు. ఎండ మండిపోతోంది. ప్రతి జంట చేతిలోనూ ఒక నల్ల గొడుగుంది. కొందరు కొత్త గొడుగుకు కమ్మీ వంచి తెచ్చారు. పిడికి దారం చుట్టడం ఎవరూ మరవలేదు. వీధి చివర తోడల్లుడు గారు సెల్‌ఫోన్ల కొట్టులోనే వాడిన గొడుగుల విభాగం తెరిచారు. ప్రజల సౌకర్యార్థం కొత్త ప్రోగ్రాంలో గొడుగు వివరాలకు ప్రత్యేకంగా ఒక గడి పెట్టిస్తున్నట్టు రిజిస్ట్రారు గారు ప్రకటించారు. ఈసారి ఫైలు ఇంకా బాగా నొక్కుకుపోతుంది సార్ అని కంప్యూటరమ్మాయి పెద్దగుమాస్తా చెవిలో చెప్పింది.

వరసలో మొదట నిలబడ్డవాళ్లు ముసలి దంపతులు. పెద్దగుమాస్తా వాళ్ల కాగితం అందుకుని, మనసాగక అడిగాడు. గొడుగు సంగతి అలా ఉంచండి బాబాయిగారూ, నిజంగా మీరిద్దరూ ఎందుకు పెళ్లి చేసుకున్నారు అని. ముసలాయన ముసలావిడ వైపు చూశాడు. ఆవిడ ఆయన వైపు చూసింది. ఇద్దరూ చాలాసేపు ఆలోచించారు. వెనక వరస విసుక్కుంటోంది. చివరికి ముసలాయన కిటికీలోకి వంగి, గొంతు తగ్గించి, ముందువాళ్లేం రాశారు బాబూ అని అడిగాడు.

పని వేళలు మామూలే. మీరూ రావచ్చు. వాన ఉన్నా లేకున్నా గొడుగు తెచ్చుకోండి. కారణం ఏం రాయాలా అని దారిపొడుగునా ఆలోచించుకుంటూ రానక్కర్లేదు, మీ పై వరసలో ఉన్నవాళ్లు రాసింది అక్కడే కనిపిస్తుంది.